ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టేవారికి: తేదీలను మీరు నింపకండి, లెక్కకు వదిలేయండి

ఆరుగురు సభ్యుల బృందంతో ఒక కార్యాలయాన్ని కొత్త భవనానికి తరలించే బాధ్యత మీకు అప్పగించారని, ఇప్పటివరకు ఇలాంటి పనులన్నీ ఎక్సెల్ పట్టికలోనే చూసుకున్నారని, ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో, నేర్చుకోవడానికి ఎంత సమయం పడుతుందో తెలియడం లేదని మీరు అడిగారు. వీటిలో రెండో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. దానికి సరైన జవాబు దొరికితే మొదటిది దాదాపు తనంతట తానే తేలిపోతుంది. అందువల్ల ఆ క్రమంలోనే చెబుతాను.

ఈ తరహా సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా చేతికి తీసుకున్నవారిలో చాలామంది దాన్ని బొమ్మలు గీసే సాధనంగా వాడతారు. మనసులో ముందే అనుకున్న తేదీలను ఒక్కొక్క పని ఎదుట టైపు చేస్తారు, తెరమీద రంగురంగుల గీతలు వరుసగా కనిపిస్తాయి, ప్రణాళిక సిద్ధమైందని భావిస్తారు. అది ఎక్సెల్ పట్టికకు రంగులు వేయడంతో సమానం. ఒక పని నాలుగు రోజులు ఆలస్యమైతే దాని వెనకున్న గీతలేవీ కదలవు, ప్రతి తేదీనీ మళ్లీ చేత్తో మార్చుకోవాలి, రెండో మూడో వారానికి ఎవరూ ఆ ఫైలు తెరవరు. ఈ సాఫ్ట్‌వేర్ నిజానికి ఒక లెక్కల యంత్రం. పనికి ఎంత సమయం పడుతుందో, ఏ పని దేని తర్వాత రావాలో మీరు దానికి చెప్పాలి. తేదీలను అది మీకు చెప్పాలి. కొత్తవారికి నేను చెప్పదలచినదాంట్లో ప్రధానమైన విషయం ఇదే, మిగతాదంతా దీని వివరణ.

ఈ లెక్క కంప్యూటర్లు ఇళ్లలోకి రాకముందే పుట్టింది. పనులను కాలరేఖ మీద గీతలుగా చూపే పద్ధతిని పోలండ్‌కు చెందిన కరోల్ ఆడమియెట్స్కి 1896లోనే రూపొందించగా, 1910ల నాటికి అమెరికాలో హెన్రీ గాంట్ ప్రచారంలోకి తెచ్చిన రూపం ఆయన పేరుతోనే గాంట్ చార్ట్‌గా నిలిచిపోయింది. అయితే ఆ గీతలు పనుల మధ్య సంబంధాన్ని లెక్కకట్టేవి కావు. ఆ లోటును పూరించినవి క్రిటికల్ పాత్ పద్ధతి, పెర్ట్ పద్ధతి. మొదటిదాన్ని 1957 ప్రాంతంలో డ్యుపాంట్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థలు రసాయన కర్మాగారాల నిర్మాణం, మరమ్మతుల కోసం తయారు చేశాయి. రెండోది 1958లో అమెరికా నావికాదళపు పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం వచ్చింది. 1984లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద వచ్చిన మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ గానీ, నేటి ప్రాజెక్ట్‌లిబ్రే, గాంట్‌ప్రాజెక్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు గానీ లోపల చేసేది ఆ లెక్కే. ఇవన్నీ ఒక కుటుంబం. రెండో కుటుంబం వేరు. టయోటా కర్మాగారాల్లో తైయిచి ఓనో నెలకొల్పిన కాన్‌బాన్ కార్డుల ఆలోచన నుంచి వచ్చిన, ఒక్కో పనిని ఒక్కో కార్డుగా నిలువు వరుసల్లో పెట్టి చూపే బోర్డులు అవి. 2011లో వచ్చిన ట్రెల్లో వాటిని ఎవరికైనా అర్థమయ్యే రూపంలోకి తెచ్చింది. 2002లో మొదలైన జిరా సాఫ్ట్‌వేర్ తయారీ బృందాలకు బాగా అలవాటైనది. ఆసనా లాంటివి బోర్డునూ కాలరేఖనూ రెండింటినీ ఒకేచోట చూపిస్తాయి.

ఈ రెండు కుటుంబాలు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతాయి. మొత్తం పని ఎప్పటికి పూర్తవుతుంది, ఏ ఆలస్యం చివరి తేదీని కదిలిస్తుంది అన్నది మొదటి కుటుంబం చెబుతుంది. ఇప్పుడు ఎవరి చేతిలో ఏముంది, ఏది ఎక్కడ ఆగిపోయింది అన్నది రెండోది చెబుతుంది. వచ్చే పనులకు అంతంటూ లేని చోట, అంటే ఫిర్యాదుల పరిష్కారం, పత్రిక నిర్వహణ, సాఫ్ట్‌వేర్ సవరణల వంటి పనులకు బోర్డు సరిపోతుంది. ఒక గడువు ఉండి, పనులు ఒకదాని మీద ఒకటి గట్టిగా ఆధారపడి ఉండి, బయటివారి సరఫరాలు మధ్యలో కలిసే చోట షెడ్యూల్ లెక్కించే సాఫ్ట్‌వేర్ కావాలి. మీ కార్యాలయ తరలింపు నిస్సందేహంగా ఇలా షెడ్యూల్ లెక్కించవలసిన పనే. కాబట్టి మీ కోసం నా సూచన ఇది: సంస్థలో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఇప్పటికే ఉంటే దాన్నే వాడండి, లేకపోతే ప్రాజెక్ట్‌లిబ్రేతో మొదలుపెట్టండి. అది మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఫైళ్లను కూడా తెరవగలదు కాబట్టి తర్వాత మారాల్సి వచ్చినా నేర్చుకున్నది వృథా కాదు. బృంద సభ్యుల రోజువారీ పనులకు దాని పక్కన ఒక చిన్న బోర్డు ఉంటే చాలు.

సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు కాగితం తీసుకోండి. మొత్తం పనిని ముక్కలుగా విడగొట్టే పట్టికను డబ్ల్యూబీఎస్ (వర్క్ బ్రేక్‌డౌన్ స్ట్రక్చర్) అంటారు. పై వరుసలో చివరికి చేతికి రావలసిన ఫలితాలు ఉండాలి: సిద్ధమైన గదులు, పనిచేస్తున్న నెట్‌వర్క్, అమర్చిన ఫర్నిచర్, తరలించిన సర్వర్లు, కొత్త చోట కూర్చున్న ఉద్యోగులు. వాటి కింద వాటిని సాధించే పనులు రావాలి. కింది పనులన్నీ పూర్తయితే పైనున్న ఫలితం పూర్తిగా దక్కాలి, ఏదీ మిగలకూడదు. ఈ పరీక్ష పెట్టినప్పుడే అనుమతి పత్రాలు, తనిఖీలు, పాత భవనాన్ని ఖాళీ చేసి అప్పగించడం వంటి మరచిపోయిన పనులు బయటపడతాయి. ముక్క ఎంత చిన్నదిగా ఉండాలన్నది తరచూ ఎదురయ్యే సందేహం. మీరు వారానికోసారి పురోగతి చూస్తే ఒక్కో పని రెండు రోజులకు తగ్గకుండా, రెండు వారాలకు మించకుండా ఉండేలా చూసుకోండి. ఆరు వారాల పని ఒకే గీతగా ఉంటే అది కుంటుపడిన సంగతి అయిదో వారం దాకా తెలియదు. గంటల లెక్కన విడగొడితే మీ రోజంతా పట్టిక దిద్దడానికే సరిపోతుంది. పని పేరులో క్రియ తప్పనిసరిగా ఉండాలి. ‘నెట్‌వర్క్’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, ‘రెండో అంతస్తులో నెట్‌వర్క్ కేబుళ్లు వేసి పరీక్షించడం’ అని రాస్తే ఎప్పుడు పూర్తయిందో వాదన లేకుండా తేలుతుంది.

తర్వాత వ్యవధులు. వాటిని మీరు ఊహించకండి, ఆ పని చేసేవారినే అడగండి. చెప్పిన రోజులు పనిదినాలా, మామూలు రోజులా అన్నది కూడా అడిగి తీరాలి. సరఫరాదారుడు 25 రోజులు అన్నప్పుడు ఆయన మనసులో సెలవులతో కలిపిన రోజులు ఉండవచ్చు, సాఫ్ట్‌వేర్ మాత్రం 25 రోజులను వారానికి అయిదు పనిదినాల చొప్పున అయిదు వారాలుగా లెక్కిస్తుంది. దీనికి మూలం అందులోని క్యాలెండర్. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో స్టాండర్డ్ క్యాలెండర్ రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలుగా ఉంటుంది, సెలవు దినాలు అందులో ముందుగా ఉండవు. మొదటి పని పేరు రాయకముందే మీ సంస్థ సెలవులను ఆ క్యాలెండర్‌లో చేర్చండి. దీన్ని దాటవేసిన ప్రణాళికల్లో సెలవు రోజున గోడలకు రంగులు వేస్తున్నట్టు కనిపించడం సర్వసాధారణం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, పనుల మధ్య సంబంధాలు. మీ తరలింపునే కాస్త సరళం చేసి చూద్దాం. గదుల పార్టిషన్ పని 10 పనిదినాలు. అది ముగిశాక విద్యుత్, నెట్‌వర్క్ కేబుళ్లు 6 రోజులు. ఆ తర్వాత రంగులు 5 రోజులు. ఫర్నిచర్ ఆర్డర్ మొదటి రోజే ఇస్తారు, అది రావడానికి 25 పనిదినాలు. రంగులు పూర్తయి, ఫర్నిచర్ కూడా వచ్చాక అమర్చడానికి 3 రోజులు. కేబుళ్లు పూర్తయ్యాక సర్వర్ల తరలింపుకు 2 రోజులు. అమరిక, సర్వర్లు రెండూ సిద్ధమయ్యాక ఉద్యోగుల తరలింపుకు 1 రోజు. భవనంలో జరిగే పనుల దారి 10, 6, 5, 3, 1 కలిపి 25 రోజులు. ఫర్నిచర్ దారి 25, 3, 1 కలిపి 29 రోజులు. అంటే ప్రాజెక్ట్ 29 పనిదినాల కంటే ముందు పూర్తి కాదు, దాన్ని నిర్ణయిస్తున్నది ఫర్నిచర్ ఆర్డర్. చివరి తేదీని నిర్ణయించే ఈ అన్నిటికంటే పొడవైన దారినే క్రిటికల్ పాత్ అంటారు. పార్టిషన్, కేబుళ్లు, రంగుల దారికి 4 రోజుల వెసులుబాటు ఉంది, సర్వర్ల తరలింపుకైతే 10 రోజులు ఉంది.

ఈ ఫలితం నుంచి నేర్చుకోవలసినది చాలా ఉంది. భవనంలో సుత్తి చప్పుళ్లు, మనుషుల హడావుడి ఉన్న చోటికే అందరి దృష్టీ పోతుంది, ఎవరికీ కనిపించకుండా ఎక్కడో తయారవుతున్న ఫర్నిచర్ గడువును శాసిస్తుంది. రంగులవారిని తొందరపెట్టి రెండు రోజులు మిగిల్చినా చివరి తేదీ ఒక్క రోజు కూడా ముందుకు జరగదు. ఆర్డర్ ఇవ్వడంలో రెండు రోజులు తాత్సారం జరిగితే మాత్రం అంతా రెండు రోజులు వెనక్కి పోతుంది. అదే సరఫరాదారుడు 18 రోజుల్లో ఇస్తానంటే మొత్తం 25 రోజులకు దిగుతుంది, 22 రోజులకు కాదు, ఎందుకంటే అప్పుడు క్రిటికల్ పాత్ భవనం పనుల దారికి మారిపోతుంది. ఏడు రోజులు ఆదా చేస్తే నాలుగే దక్కుతాయన్న సంగతి నోటి లెక్కతో తెలియడం కష్టం, ముప్పై నలభై పనులున్న ప్రాజెక్ట్‌లో అసాధ్యం. సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు పెట్టేది ఈ ఒక్క ప్రయోజనం కోసమే అన్నా అతిశయోక్తి కాదు.

ఈ ఏడు పనులనూ ఈ రోజే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి చూడండి. ప్రిడిసెసర్ అనే గడిలో, ఈ పనికి ముందు ముగియవలసిన పని వరుస సంఖ్య రాయాలి. ఒకటి ముగిశాక మరొకటి మొదలయ్యే సంబంధమే నూటికి తొంభై చోట్ల సరిపోతుంది. మిగతా మూడు రకాల సంబంధాలను ప్రస్తుతానికి ముట్టుకోనవసరం లేదు. ఎక్కించాక పార్టిషన్ వ్యవధిని 10 నుంచి 13కు మార్చండి, చివరి తేదీ కదలకూడదు. 15కు మార్చండి, సరిగ్గా ఒక్క రోజు జరగాలి. అలా జరగకపోతే ఎక్కడో సంబంధం తెగి ఉంది లేదా ఎక్కడో తేదీ బిగుసుకుపోయి ఉంది. మీ అసలు ప్రాజెక్ట్ తయారయ్యాక కూడా ఇలాగే మధ్యలో ఏదో ఒక పనిని సాగదీసి, దాని వెనకున్నవి కదులుతున్నాయో లేదో పరీక్షించండి. ప్రణాళిక బతికే ఉందో లేదో చెప్పే పరీక్ష ఇది.

తేదీ బిగుసుకుపోవడం అన్నాను, దాన్ని కొంచెం వివరించాలి. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో 2010 సంచిక నుంచి కొత్త పనులు ‘మాన్యువల్లీ షెడ్యూల్డ్’ స్థితిలో మొదలవుతాయి, అంటే సాఫ్ట్‌వేర్ వాటి తేదీలను లెక్కించదు. కొత్త ఫైలు తెరవగానే దీన్ని ‘ఆటో షెడ్యూల్డ్’‌కు మార్చండి. ఆ స్థితిలో కూడా మీరు ప్రారంభ తేదీ గడిలో ఒక తేదీ టైపు చేస్తే, ఆ పని అంతకంటే ముందు మొదలు కాకూడదన్న నిబంధనగా అది తీసుకుంటుంది. ముందరి పని త్వరగా ముగిసినా ఇది ముందుకు రాదు. చేయి తగిలి లాగిన గీతకు కూడా ఇదే జరుగుతుంది. ఫలానా రోజుకల్లా పూర్తి కావాలన్న కోరిక ఉంటే దాన్ని డెడ్‌లైన్ గడిలో రాయండి. అది గీతను బంధించదు, లెక్క ఆ తేదీని దాటినప్పుడు హెచ్చరిక గుర్తు చూపిస్తుంది. నిజంగా మారని తేదీలు కొన్ని ఉంటాయి, ఉదాహరణకు భవనం తాళాలు చేతికొచ్చే రోజు. అలాంటి వాటికి మాత్రమే నిబంధన పెట్టండి, పక్కన కారణం కూడా రాసి ఉంచండి.

మనుషులను కేటాయించే దగ్గర పని పరిమాణానికీ వ్యవధికీ ఉన్న తేడా తెలియాలి. 16 గంటల పనిని ఒక మనిషి పూర్తి సమయం చేస్తే 2 రోజులు, సగం సమయమే ఇవ్వగలిగితే 4 రోజులు. మీ బృందంలోని ఆరుగురికీ వాళ్ల మామూలు విధులు వేరే ఉంటాయి కాబట్టి ఎవరినీ నూరు శాతం లెక్కలో వేయకండి, ఎంత సమయం ఇవ్వగలరో వాళ్లతోనూ వాళ్ల పై అధికారితోనూ మాట్లాడి రాయండి. ఒకే మనిషికి ఒకే రోజున రెండు పూర్తి రోజుల పని పడితే సాఫ్ట్‌వేర్ ఎర్రటి గుర్తుతో చూపిస్తుంది. దాన్ని తనంతట తాను సర్దే లెవలింగ్ అనే సౌకర్యం ఉంది గానీ, కొత్తలో దాని జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. అది పనులను ఎందుకు ఎక్కడికి జరిపిందో మీకే అర్థం కాని స్థితి వస్తుంది. ఏ పనిని వెనక్కి నెట్టాలో, ఎవరికి అప్పగించాలో మీరే నిర్ణయించండి. ఇంకో మాట, పై వరుస శీర్షికలకు మనుషులనూ సంబంధాలనూ తగిలించకండి, అవి ఎప్పుడూ కింది పనులకే ఉండాలి.

పని మొదలయ్యే ముందు రోజు బేస్‌లైన్ భద్రపరచండి. ఆ రోజుకు అందరూ ఒప్పుకున్న తేదీల నకలు అది. తర్వాత ఎంత మారినా మొదట ఏమనుకున్నామో పక్కన కనిపిస్తూనే ఉంటుంది. అది లేకపోతే ఆలస్యం ఎప్పుడు, ఏ పనితో మొదలైందో చెప్పడానికి ఆధారం ఉండదు. ఆ తర్వాత వారానికోసారి, ఒకే రోజున, మూడు సంగతులు నమోదు చేయండి: నిజంగా మొదలైన తేదీ, నిజంగా ముగిసిన తేదీ, జరుగుతున్న పనికి ఇంకా మిగిలిన రోజులు. ఎంత శాతం అయిందని మాత్రం అడగకండి. 90 శాతం అయిందన్న జవాబు వారాల తరబడి మారకుండా ఉండటం ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన సంగతే. ఇంకా ఎన్ని రోజులు పడుతుందని అడిగితే మనిషి ఆగి, మిగిలిన పనిని ఒకసారి మనసులో చూసుకుని చెబుతాడు. మిగిలిన రోజులు నింపగానే చివరి తేదీ ఎక్కడికి జరిగిందో చూడండి. మంచి కబురైనా చెడు కబురైనా అదే రోజు పైవారికి చెప్పండి.

బృందం కోసం పెట్టే బోర్డు గురించి క్లుప్తంగా చెబితే చాలు. చేయవలసినవి, జరుగుతున్నవి, పూర్తయినవి అని మూడు నిలువు వరుసలతో మొదలుపెట్టండి. ఒక్కో కార్డుకు ఒకరే బాధ్యులుగా ఉండాలి, ఇద్దరి పేర్లుంటే ఎవరికి వారు రెండోవారు చూసుకుంటారనుకుంటారు. జరుగుతున్నవి అనే వరుసలో ఒక్కొక్కరికి రెండు కార్డులకు మించి ఉండకూడదన్న నియమం పెడితే ఆగిపోయిన పని వెంటనే కంటపడుతుంది. షెడ్యూల్‌లో ఉన్న పనులను బోర్డులో తేదీలతో సహా మళ్లీ రాయకండి, ఒకే సమాచారం రెండు చోట్ల ఉంటే కొద్ది రోజుల్లోనే రెండూ తేడా పడతాయి. రాబోయే రెండు వారాల పనులు మాత్రమే బోర్డులోకి రావాలి.

బృందం ఈ సాఫ్ట్‌వేర్‌ను ఆదరిస్తుందా అన్నది మీ నడవడిక మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పురోగతిని బోర్డులో రాసిన మనిషిని మళ్లీ ఫోన్ చేసి అదే అడిగితే ఆయన తర్వాత రాయడం మానేస్తాడు. ఆలస్యాన్ని నిజాయితీగా నమోదు చేసినవారిని నలుగురిలో నిలదీస్తే ఆ తర్వాత పట్టికలో కనిపించేవన్నీ అబద్ధాలే. నింపవలసిన గడులు తక్కువగా ఉంచండి. నోటిఫికేషన్లను అవసరమైన వాటికి పరిమితం చేయండి, రోజుకు నలభై వచ్చే చోట ముఖ్యమైనదాన్ని కూడా ఎవరూ చదవరు. ఇంటర్నెట్‌లో నడిచే సేవ ఏదైనా ఎంచుకుంటే, మీ సమాచారమంతా మామూలు పట్టికగా బయటికి తీసుకునే వీలుందో లేదో, బయటి కాంట్రాక్టర్లకు కొంత భాగమే చూపించవచ్చో లేదో మొదటి రోజే ప్రయత్నించి చూసుకోండి.

ఇక సమయం సంగతి. పనుల జాబితా, క్యాలెండర్, వ్యవధులు, సంబంధాలు, బేస్‌లైన్, వారపు నమోదు, ఈ ఆరూ వస్తే మీ ప్రాజెక్ట్‌కు సరిపోతుంది, వాటిని రెండు మూడు సాయంత్రాల్లో పైన చెప్పిన ఏడు పనుల ఉదాహరణతో నేర్చుకోవచ్చు. ఖర్చుల లెక్క, అనేక ప్రాజెక్టుల మధ్య మనుషుల పంపకం, సొంత గడులు, సూత్రాలు, నివేదికల అలంకరణ ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. నిజంగా సమయం పట్టేది వ్యవధులు అడిగి తెలుసుకోవడానికి, ఏది దేని మీద ఆధారపడుతుందో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి తేల్చడానికి. దానికి ఒక పూట మొత్తం కేటాయించండి. కేబుళ్లు వేసేవారు, ఫర్నిచర్ సరఫరాదారుడు, సర్వర్లు చూసేవారు ముగ్గురూ ఆ గదిలో ఉండేలా చూడండి, ఎందుకంటే వాళ్ల పనులు ఒకదానికొకటి తగిలే చోట్లు వాళ్లు ముఖాముఖి మాట్లాడుకున్నప్పుడే బయటికొస్తాయి. ఫర్నిచర్ ఆర్డర్ మాత్రం ఆ సమావేశం దాకా కూడా ఆపకుండా, కొలతలు ఖరారైన రోజే ఇచ్చేయండి.